స్టాఫ్ నర్స్‌గా నా మొదటి ఏడాది

చదువుకునే రోజుల్లో ప్లాస్టిక్ బొమ్మ చేతికి కాన్యులా, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం, పెట్టడం నాకు బాగానే వచ్చేది. ఆ చేతిలో నరం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. డ్యూటీలో చేరిన రెండో రోజు ఒక పెద్దాయనకు రెండుసార్లు గుచ్చాను, రెండుసార్లూ నరం పక్కకు జారిపోయింది. నా చేతులు వణకడం చూసి ఆయనే తన చెయ్యి ముందుకు జరిపి, "కంగారు పడకు తల్లీ, మెల్లగా చూసుకో" అన్నారు. నొప్పి ఆయనది, ధైర్యం చెప్పిందీ ఆయనే. మూడోసారి గుచ్చే సాహసం చేయలేక సీనియర్ సిస్టర్‌ని పిలిచాను. ఆవిడ ఆయన చేతిని మంచం అంచు నుంచి కిందికి వేలాడదీయించి కాసేపు ఆగారు. తర్వాత కళ్లు పక్కకు తిప్పుకుని వేలి కొసతో నరం వెతికారు. ఒక్కసారికే ఎక్కింది. "కంటికి కనిపించే నరం కన్నా వేలికి తగిలే నరాన్ని నమ్ము" అన్నారు. ఇప్పటికీ నేను అలాగే వెతుకుతాను.

ఈ వృత్తిలోకి వస్తున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు మొదటి ఏడాది ఎలా గట్టెక్కావని అడుగుతుంటారు. కష్టం ఉంటుందని వాళ్లకు అందరూ చెప్పే ఉంటారు. అది ఎక్కడెక్కడ ఎదురవుతుందో నాకు తెలిసినంత చెబుతాను.

మా వార్డులో రాత్రిపూట పద్దెనిమిది మంది పేషెంట్లకు ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరికి ఇంజెక్షన్ కలుపుతుంటే ఇంకొకరి సెలైన్ అయిపోతుంది. ఇంతలో మూడో మంచం మీదున్న పేషెంటు కొడుకు, ఎంతసేపటి నుంచి పిలుస్తున్నామని కేకలేస్తుంటాడు. అతని కోపంలో న్యాయం ఉంది, కానీ అది పడేది మా మీద. మనుషుల్ని తక్కువ పెట్టి పని మొత్తం జరగాలంటే, జరగకుండా మిగిలిపోయేది పేషెంటుకు అందాల్సిన పనే. ఇది సర్దుకుపోవాల్సిన విషయమని నేను ఒప్పుకోను. ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

నాలుగో నెలలో ఒక రాత్రి, వరసగా ఐదో నైట్ డ్యూటీ. ఒకావిడకు రక్తంలో పొటాషియం 2.9కి పడిపోయింది. అది 3.5కు తగ్గకూడదు. డాక్టర్ గారు పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. యాంపూల్ ఒకటి అర లీటరు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించమని రాశారు. నేను మందు సిరంజిలోకి లాగి ట్రేలో పెట్టాను. అదే ట్రేలో ఇంకొకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఉంది, కాన్యులా ఫ్లష్ చేయడానికి, అంటే అది మూసుకుపోకుండా కడగడానికి, తీసిన సెలైన్ సిరంజీ ఉంది. మూడూ నీళ్లలా తేటగా ఉన్నాయి. ఒక్కదాని మీదా లేబుల్ లేదు. ఆవిడ కాన్యులా ఫ్లష్ చేద్దామని ఒక సిరంజి తీసి మూత విప్పాను. అవతలి మంచం దగ్గరున్న సిస్టర్ నా వైపు వచ్చి, "ఆ చేతిలో ఉన్నదేంటి?" అని అడిగారు.

నాకు సమాధానం రాలేదు.

పొటాషియం క్లోరైడ్ కలపకుండా నేరుగా నరంలోకి ఒక్కసారిగా వెళితే గుండె ఆగిపోతుంది. ఈ మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. సిస్టర్ మూడు సిరంజిలూ పారేయించి, మళ్లీ మొదటి నుంచి కలిపించారు. ఒక్కో సిరంజికి మందు లాగిన వెంటనే, కింద పెట్టకముందే లేబుల్ అంటించమన్నారు. తెల్లవారాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు రిపోర్టు రాయించారు. దాచి ఉంటే నాకు ఆ రోజుకు బాగుండేది. కానీ రాసినందువల్లే లేబుల్ స్టిక్కర్లు ప్రతి ట్రేలోకీ వచ్చాయి. ఇంటికి వెళ్లాక పగలంతా నిద్రపట్టలేదు. కళ్లు మూసుకుంటే ఆ సిరంజే కనిపించేది. మానేద్దామని గట్టిగా అనుకున్నది ఆ ఒక్క రోజే. మర్నాడు రాత్రి ఆవిడ తన పొటాషియం పెరిగిందని తెలిసి నన్ను చూసి నవ్వారు. ఆవిడకు ఏమీ తెలియదు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ తర్వాత చూడటం నేర్చుకున్నాను. అంతకుముందు నేను చూసేది మానిటర్ మీద అంకెల్ని. కడుపు ఆపరేషన్ జరిగి మూడు రోజులైన ఒకాయన ఉండేవారు. నేను ఎప్పుడు వెళ్లినా "ఈ దిండు కాస్త సరిచేయమ్మా" అనేవారు. ఒక రాత్రి అడగలేదు. బీపీ 110/70, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 96 శాతం. చార్టులో రాసుకుని వెళ్లిపోవచ్చు. కానీ దిండు జారిపోయి ఉన్నా ఆయన పట్టించుకోకపోవడం నాకు నచ్చలేదు. వాచీ పెట్టుకుని నిమిషం పూర్తయ్యేదాకా ఊపిరి లెక్కపెట్టాను. 28. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మధ్య ఉండాలి. వంగి యూరిన్ బ్యాగ్ చూస్తే నాలుగు గంటల్లో 70 మి.లీ. మాత్రమే వచ్చింది. ఆయన బరువు 60 కిలోలు, గంటకు 30 అయినా రావాలి.

అంతకుముందైతే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "పేషెంట్ బాలేదు సార్" అనేదాన్ని, "గమనిస్తూ ఉండండి" అనేవారు. ఈసారి సిస్టర్ నేర్పిన వరసలో చెప్పాను. ఎవరు, ఏ ఆపరేషన్, ఎన్నో రోజు, ఊపిరి ఎంత, మూత్రం ఎంత, నాకున్న అనుమానం ఏమిటి. చివరికి "మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్" అన్నాను. వచ్చారు. కడుపులో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతోంది. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, యాంటీబయోటిక్ మొదలుపెట్టి, తెల్లారేలోపు ఐసీయూకి మార్చారు. పదకొండో రోజు ఆయన తిరిగి మా వార్డుకే వచ్చారు. నన్ను చూడగానే మొదటి మాట "దిండు సరిచేయమ్మా".

మా నర్సింగ్ వృత్తికి పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, మే 12, వచ్చిందంటే అందరూ ఆమె చేతిలోని దీపం గురించే మాట్లాడతారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా నివారించగలిగిన జబ్బులతోనే ఎక్కువమంది పోయారని ఆమె లెక్కకట్టి, 1858లో ఆ లెక్కల్ని చార్టు బొమ్మలుగా గీసి ప్రభుత్వానికి చూపించింది. ఊపిరి లెక్కపెట్టిన ఆ రాత్రి నుంచి దీపం కన్నా ఆ లెక్కల పుస్తకమే నాకు దగ్గరగా అనిపిస్తుంది.

చావులూ చూశాను. మొదటిసారి ఒకమ్మ పోయినప్పుడు, సిస్టర్‌తో కలిసి గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వి కూతుర్ని లోపలికి పిలిచాం. "అమ్మ నిద్రపోతున్నట్టుంది" అని ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

చివరగా ఒక పుండు గురించి చెప్పాలి. పక్షవాతంతో మంచం పట్టిన ఒకాయన నడుము కింద పెద్ద బెడ్ సోర్‌తో చేరారు. మొదటి రోజు కొలిస్తే 6 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు. అడుగున పసుప్పచ్చగా చచ్చిన కండ, వాసన. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, డ్రెస్సింగ్, వారానికోసారి కొలత. మూడు వారాలు ఏ మార్పూ లేదు, నా నడుం నొప్పి మాత్రం పెరిగింది. నాలుగో వారం గాజుగుడ్డ తీస్తే అంచుల దగ్గర ఎర్రగా, చిన్న చిన్న గింజల్లా కొత్త కండ కనిపించింది. ఆగలేక సిస్టర్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. ఎనిమిదో వారానికి పుండు 2 సెంటీమీటర్ల పొడవు, 1.5 వెడల్పుకి వచ్చింది.

డిశ్చార్జికి ముందు ఆయన భార్యకు, దుప్పటి మడతపెట్టి మనిషిని ఒక్కరే ఎలా తిప్పాలో వారం పాటు నేర్పాను. వెళ్లేరోజు నా ముందే ఆయన్ని ఎడమ పక్కకు తిప్పి చూపించారావిడ. తిప్పాక వీపు వెనక దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా ఇంకో దిండు కాళ్ల కింద పెట్టారు. ఆ రెండోది నేను చెప్పడం మరిచిపోయాను. నేను పెడుతుంటే చూసి నేర్చుకున్నారట.