సంతకం ఎక్కడ పెట్టాలె మేడమ్?

పీడియాట్రిక్స్ పీజీలో నా థీసిస్ ప్రశ్న చిన్నదే. నెలలు నిండక పుట్టి ఆయాసపడే పిల్లలకు బబుల్ సీపాప్ పెడతాం, అంటే ముక్కులోకి గొట్టంతో ఆగకుండా ఒత్తిడితో గాలి పంపడం. అది ఎవరికి సరిపోతుందో, ఎవరు వెంటిలేటర్ దాకా వెళ్తారో మొదటి రెండు గంటల్లోనే పసిగట్టొచ్చా? కొలిచేది 1956 నాటి సిల్వర్‌మన్-ఆండర్సన్ స్కోరుతో. ఛాతీ కదలిక, డొక్కలు లోపలికి పోవడం, రొమ్ము ఎముక కింద గుంట పడటం, ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు. ఒక్కోదానికి సున్నా నుంచి 2. పుట్టగానే బిడ్డ స్థితికి వేసే ఆప్గార్ స్కోరులో 10 వస్తే సంతోషం, ఇక్కడ 10 వస్తే పరుగు. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కసారైనా తికమకపడతారు. నేనూ పడ్డాను.

రక్తం తీసేది లేదు, మందు మార్చేది లేదు, చూసి రాసుకోవడమే. ఎథిక్స్ కమిటీ పది నిమిషాల్లో తేల్చేస్తుందనుకున్నా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవాళ్లు, వైద్యంతో సంబంధంలేని మామూలు మనిషి కూడా ఉండాలి. మా కమిటీలో ఆ మామూలు మనిషి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. శాంపిల్ సైజు గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పడానికి రాత్రంతా బట్టీపట్టి వెళ్తే, ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం నా సమ్మతి పత్రం తీసి పైకి చదివారు. "మీ శిశువు శ్వాసకోశ దుస్థితి లక్షణ సముదాయముతో బాధపడుచున్నందున... ఇది ఎవరి కోసం రాశావమ్మా?"

అందరూ నవ్వారు. ఫైలు వెనక్కొచ్చింది.

ఆ తెలుగు నాది కాదు, కోఠిలో పేజీకింతని ఇచ్చి చేయించింది. నేను చదవకుండానే కింద సంతకం పెట్టాను. సమ్మతి పత్రం మీద!

మళ్లీ రాయడానికి నైట్ డ్యూటీలో మా ఆయమ్మ పక్కన కూర్చున్నా. "బిడ్డ డొక్కలెగరేస్తుంది అని రాయి, ఎవరికైనా సమజైతది" అంది. సగం పని అక్కడే అయిపోయింది. మిగతా సగం, ఎందుకు ఎగరేస్తుందో చెప్పడం. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులకు లోపల సబ్బు నురగలాంటి పూత ఉంటుంది. ముందే పుట్టిన పిల్లల్లో అది చాలదు. ఊపిరి వదిలినప్పుడల్లా తిత్తులు తడి పాలిథిన్ కవరులా అతుక్కుపోతాయి, మళ్లీ విప్పడానికే బిడ్డ బలమంతా అయిపోతుంది. ఈ సంగతి 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ పట్టుకున్నారు. అయినా 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో రెండు రోజులు కూడా బతకలేదు. పిల్లలకు సీపాప్ పనిచేస్తుందని గ్రెగరీ చూపించింది 1971లో. ఆ పూతనే మందుగా పోసి ఫుజివారా ఫలితం చూపించింది 1980లో. ఇవన్నీ వైవాకి పనికొచ్చేవి. ఫారంలో మాత్రం పాలిథిన్ కవరే రాశాను. పాతబస్తీ తల్లుల కోసం ఉర్దూది ఇంకొకటి. రెండూ ఈసారి కమిటీ ముందు నిలబడ్డాయి.

తర్వాత సీటీఆర్ఐలో, అంటే దేశంలోని క్లినికల్ పరిశోధనలను నమోదుచేసే చోట, రిజిస్ట్రేషన్. 2018 ఏప్రిల్ నుంచి మొదటి బిడ్డను చేర్చుకోకముందే నంబరు రావాలి. వాళ్ల ప్రశ్నలు, నా జవాబులు, మళ్లీ ప్రశ్నలు. ఆ వారాల్లో నాకు పనికొచ్చే పిల్లలు ఎంతమంది కళ్లముందే వచ్చి వెళ్లారో.

అసలు చిక్కు నంబరు వచ్చాక తెలిసింది. సిజేరియన్ అయిన తల్లి ఇంకో బిల్డింగులో ఉంటుంది. తండ్రి ఆరోగ్యశ్రీ కాగితాల కోసం తిరుగుతుంటాడు. దొరికాడా, నేను నోరు తెరవకముందే "సంతకం ఎక్కడ పెట్టాలె మేడమ్?" అంటాడు. బిడ్డ లోపలుంటే తండ్రి దేనికైనా సంతకం పెడతాడు. వద్దన్నా వైద్యం ఆగదని చెప్పినా వినిపించుకోడు. అందుకే ఫారం పక్కనపెట్టి ముందు సీపాప్ సీసా చూపించడం మొదలుపెట్టా. "గొట్టం చివర నీళ్లలో 5 సెంటీమీటర్లు మునిగింది చూడండి, ఆ ఒత్తిడే తిత్తుల్ని మూసుకోనివ్వదు. బుడగలు వస్తున్నంతసేపూ గాలి అందుతున్నట్టు." అది వాళ్ల మాటల్లో నాకు తిరిగి చెప్పాకే పెన్ను ఇచ్చేదాన్ని. కొందరు వద్దన్నారు. సరే అన్నాను.

ఒక రాత్రి మహబూబ్‌నగర్ వైపు నుంచి 108లో వచ్చిన పాప. తోడు అమ్మమ్మ ఒక్కతే. తల్లి ఇంకా రాలేదు, సంతకం లేదు, కాబట్టి ఆ పాప నా లెక్కలో లేదు. అయినా అలవాటుగా సీసా చూపించి చెప్పి పక్క బెడ్డు దగ్గరికి వెళ్లాను. కాసేపటికి అమ్మమ్మ నా కొంగు పట్టుకుని లాగింది.

"డాక్టరమ్మా, నీళ్ల సప్పుడు బందైంది, జర జూడు."

ముక్కులో పెట్టే గొట్టం కొన, ప్రాంగ్, పక్కకి జారింది. సరిచేసి, టోపీకి దారం బిగించి కట్టాను. సీసాలో బుడగలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మమ్మ స్టూలు దగ్గరగా లాక్కుని, పాపను కాదు, సీసానే చూస్తూ కూర్చుంది.