నాలుగు చుక్కల గుర్రం

కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం ఉదయం బెంగళూరులోని మా ఇంటి వరండాలో కుంచె, సిరా ముందు పెట్టుకుని చైనా అక్షరాలు దిద్దుతున్నాను. ఎక్కువసార్లు దిద్దింది ‘మా’, అంటే గుర్రం. దానికి పది గీతలు. చివరి నాలుగూ అడుగున వరుసగా పడే చుక్కలు. మొదటిది ఎడమకు వాలుతుంది, తక్కిన మూడూ కుడికి వాలుతాయి.

మూడు వేల ఏళ్ల కిందట షాంగ్ రాజుల కాలంలో తాబేలు డిప్పల మీద, ఎద్దు ఎముకల మీద చెక్కినప్పుడు ఇది అచ్చంగా బొమ్మే. పొడవాటి తల, పెద్ద కన్ను, మెడ మీద జూలు, కాళ్లు, తోక అన్నీ కనిపిస్తాయి. కాకపోతే గుర్రం నేల మీద నిలబడినట్టు కాక, తల పైకి, తోక కిందికి నిటారుగా ఉంటుంది. క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశాన్ని ఏకం చేసి ముద్రాలిపిని (ముద్రల మీద నేటికీ కనిపించే పాత లిపిని) ప్రామాణికం చేసేనాటికే కన్ను, జూలు కలిసిపోయి అడ్డగీతలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన హాన్ వంశ కాలపు గుమాస్తాలు వెదురు బద్దల మీద కుంచెతో త్వరత్వరగా రాయడంతో వంపులు సాపు అయ్యాయి. కాళ్లూ తోకా గీతలు పొట్టివై, చివరకు చుక్కలుగా మిగిలాయి.

బెంగళూరు బస్సుల మీద కన్నడ బోర్డులు చదివేటప్పుడు నాకు మన ‘క’ గుర్తుకొస్తుంది. అశోకుని బ్రాహ్మిలో కూడిక గుర్తులా ఉన్న ఆ అక్షరం ఇక్కడ ఒక తీరుగా, మన పుస్తకాల్లో మరో తీరుగా గుండ్రబడింది. అయితే దాని వెనుక ఉన్నది శబ్దమే. చైనా అక్షరంలో బొమ్మ చెరిగిపోయినా గుర్రం అనే అర్థం మాత్రం చెక్కుచెదరలేదు. నన్ను కట్టిపడేసేది ఇదే.

చేప అక్షరం అడుగున కూడా ఇవే నాలుగు చుక్కలు ఉంటాయి, అక్కడ అవి తోక. పక్షి అక్షరంలో కాళ్లూ తోకా. ‘వేడి’ అనే అక్షరం కింద మాత్రం అవి నిప్పు. పుట్టుక వేరైనా, కుంచె వాటన్నిటికీ ఒకే రూపమిచ్చింది.

చైనా ప్రభుత్వం గీతలు తగ్గించి ఇచ్చిన 1964 నాటి సరళీకృత అక్షరాల పట్టికలో గుర్రం మూడు గీతలకు తగ్గింది. దాని చుక్కలతో పాటు చేపవీ పక్షివీ ఒక్క అడ్డగీతగా మారాయి. తైవాన్, జపాన్‌లలో గుర్రానికి ఇప్పటికీ పది గీతలే. సరళీకృత లిపిలోనూ ‘వేడి’ కింద మాత్రం నాలుగు చుక్కలూ అలాగే ఉన్నాయి.