నర్సాపురం రేవులో స్కిప్పర్లు

అంతర్వేది ప్రయాణంలో సగం పూట నర్సాపురం రేవులోనే పోయింది. గోదావరి పాటు మీదుంది, పోటెక్కితేగానీ పంటు కదలదన్నారు. సగం గ్లాసు టీకి పదిహేను రూపాయలు! ఇక గట్టు మీది గడ్డిచామంతే కాలక్షేపం. మా కడప వైపు ఎండెక్కాక ఆ పూల మీద ఈగ కూడా వాలదు. ఇక్కడ పూవుకొక గోధుమరంగు స్కిప్పర్, అదో చిన్న సీతాకోకచిలుక.

ఈ స్కిప్పర్లలో ఒక జాతి పెలోపిడాస్ మాథియాస్. దానికి కీటకశాస్త్రవేత్త ఫాబ్రిషియస్ పేరు పెట్టింది 1798లో, మన తమిళనాడు తీరంలోని తరంగంబాడి నమూనా చూసి. ఆ కాలపు వర్ణన రెండు మూడు పంక్తులే: రెక్క రంగు, చుక్కలు. అప్పటికి అది సరిపోయింది. 1866లో దాన్ని పోలిన జాతులు, వాలెస్ బోర్బో సిన్నారాని, మూర్ పెలోపిడాస్ ఆగ్నాని చేర్చాక అవే మాటలు మూడింటికీ అతుకుతాయి. పాత వర్ణన పట్టుకుని ఫొటోకి పేరు పెడితే తప్పేది అక్కడే.

ముందు మీసాలు చూడాలి. ముందు రెక్క పై అంచులో సగం కూడా లేకపోతే అది పార్నారా అనే ఇంకో రకం స్కిప్పర్, పక్కన పెట్టేయొచ్చు. తర్వాత పురుగు వాలిన పూవుని ఎండకి అడ్డం పెట్టుకుని చూడాలి. బోర్బో సిన్నారాకి ముందు రెక్క చుక్కలన్నీ అద్దంలా మెరుస్తాయి, అడుగంచు దగ్గరి పసుపు చుక్క మాత్రం వెలుతురు దూరనివ్వదు. వెనక రెక్క అడుగున, గడిలో, అంటే రెక్క మధ్య ఈనెలు చుట్టిన ఖాళీలో, చుక్క కనిపిస్తే పెలోపిడాస్ వైపు మొగ్గాలి. కనిపించకపోతే తేల్చేయకూడదు, పొలుసు రాలినా అది పోతుంది.

పెలోపిడాస్ మగదైతే ముందు రెక్క మీద బూడిదరంగు గీత ఉంటుంది, దాన్నే బ్రాండ్ అంటారు. గడిలోని రెండు చుక్కల్ని కలిపి, ఆ గీతని పొడిగిస్తే అది బ్రాండ్‌ని ఎక్కడ తాకుతుందో చూడాలి. మాథియాస్, ఆగ్నాల తేడా అక్కడ తేలుతుంది. ఆడదానికి బ్రాండే లేదు.

తేనె తాగేటప్పుడు రెక్కలు మూస్తుంది, ఎండ కాచుకునేటప్పుడు సగం తెరుస్తుంది. ఒకే పురుగుకి రెండు ఫొటోలూ తీయాలి. నేను తీసిన ముప్ఫైలో రెండు వైపులూ దొరికినవి నాలుగే.

బోండాల గెల కట్టిన బండాయన వంగి చూసి, "ఇది మా వరి ఆకుచుట్టు పురుగు తల్లేనా అండీ?" అన్నాడు.

"కాదండీ, దాని తల్లి మాత్ రకం రెక్కల పురుగు, ఇది సీతాకోకచిలుక. వీటి పిల్లలూ వరాకు మడుస్తాయిలెండి, అందుకే పొరపాటు."

"ఆయ్, మడిచేది మడవనీండి, మందు మాత్రం అదే కొడతాం."

పంటు ఈల వేసింది. ఆఖరి ఫొటో కింద రాసుకున్నాను: పెలోపిడాస్, ఆడ, జాతి తేలలేదు.