గాలానికి ఎదురుముల్లు తీసేశాను

30 ఏళ్లుగా నాగావళిలో గాలం వేస్తున్నాను. నదిలో మందు పేల్చడం, విషం కలపడం నేరమని 1897 నాటి మత్స్య చట్టమే చెప్పింది. అలాంటి పనులు చేసేవాళ్లంటే నాకు మంట. గాలం మాత్రం ఏ పాపం ఎరగనిదనే అనుకునేవాణ్ణి.

కిందటి వానాకాలం, ఎర్రనీళ్లు దిగాక, శ్రీకాకుళం వంతెనకి దిగువన జానెడు వాలుగ పిల్ల ఒకటి పడింది. వదిలేద్దామనుకున్నాను. కానీ వానపాముతో పాటు గాలాన్నీ మింగేసింది. కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లు పట్టేసింది. లాగితే మొప్పల్లోంచి రక్తం వచ్చింది. నీళ్లలో వదిలితే వెల్లకిలా తేలి కొట్టుకుపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా మేనల్లుడు కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో ఉంటాడు. ఫోన్‌లో చెప్తే, "మా దగ్గర నదుల్లో ముల్లున్న గాలం వెయ్యకూడదు మావయ్యా. గాలానికి కొన కూడా ఒక్కటే ఉండాలి" అన్నాడు. మూడు కొనల గాలమైతే ఒకటి నోట్లో దిగి, మిగతావి కంట్లోనో మొప్పలోనో గుచ్చుకుంటాయట. వదలాల్సిన చేప బతకాలి కదా, అందుకూ ఆ రూల్.

కొత్త గాలాలు కొనక్కర్లేదు. కటింగ్ ప్లేయర్‌తో ముల్లుని గట్టిగా నొక్కేస్తే చాలు, అక్కడా అది చెల్లుతుంది. నొక్కాక పాత పంచె గుడ్డలో గుచ్చి చూస్తాను. దారం లేవకుండా బయటికొస్తే ముల్లు పూర్తిగా అణిగినట్టు.

మొదటి రోజు రెండు మంచి జెల్లలు జారిపోయాయి. తప్పు గాలానిది కాదు. చేప నా వైపు ఈదుకొస్తుంటే నేను దారం వదులు చేసేవాణ్ణి, ఇన్నాళ్లూ ఆ లోటుని ముల్లే కాసింది. ఇప్పుడు కర్ర కొన ఎత్తి, దారం బిగువు తగ్గకుండా చూసుకుంటున్నాను. బెండు మునగగానే లాగేస్తున్నాను, మింగే దాకా ఆగడం లేదు.

మొన్న ఆదివారం మళ్లీ ఒక వాలుగ పిల్ల పడింది. పైకెత్తకుండానే, నీళ్లలోనే గాలం వంపు పట్టుకుని వెనక్కి తిప్పాను. ఒక్క తోక విదిలింపు, అంతే. గాలానికి వానపాము ఇంకా సగం ఉంది.