సప్లిమెంటరీ ఫిజిక్స్, సోమశిల పుట్టి

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో నాకు 60కి 17 వచ్చాయి. పాసవ్వాలంటే 21. నాలుగు మార్కులే కదా అని ఇంట్లో ఊరడించారు గానీ, నేనేం రాశానో నాకు తెలుసు. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం నిరూపణ బట్టీ పట్టి వెళ్లి, సగంలో మర్చిపోయి, గుర్తున్న ఆఖరి లైను కింద అతికించి వచ్చా.

సప్లిమెంటరీకి ముందు పది రోజులు కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మామ ఇంట్లో ఉన్నా. మామ కృష్ణలో చేపలు పడతాడు. ఎండాకాలం కదా, శ్రీశైలం బ్యాక్‌వాటర్ తగ్గి ఒడ్డంతా బురద. ఓ పొద్దున వల తీసి వస్తూ, పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) అంచు మీంచి ఒడ్డుకు దూకా. ఒడ్డు అందలేదు. పుట్టి వెనక్కి జారింది, నేను మోకాళ్ల దాకా బురదలో.

"ఏందిర అల్లుడా, అట్ల ఎగురుతే పుట్టి ఎనకకు పోదా? తాడు గట్టినంక దిగాలె" అని నవ్విండు మామ.

ఆ రాత్రి నోట్సు తీశా. న్యూటన్ మూడో నియమం: నా కాలు పుట్టిని ఎంత బలంతో నెట్టిందో, పుట్టి నన్నూ అంతే బలంతో ఎదురు నెట్టింది. రెండో నియమం: బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదాంట్లో, మార్పు. మరి ఇద్దరికీ కాలం ఒకటే ఎందుకు? ఏడాదంతా నేను అడగని ప్రశ్న ఇదే. నా కాలు పుట్టిని వదిలిన క్షణమే పుట్టీ నా కాలిని వదిలింది, అంతే! బలాలు సమానం, దిశలు ఎదురెదురు, కాలం ఒకటే. అంటే నాకొచ్చినంత ద్రవ్యవేగమే పుట్టికి అటువైపు. రెండూ కలిపితే మొత్తం మారలేదు, నిత్యత్వ నియమం అంటే ఇదే. నేను 50 కిలోలు, మామతో కలిపి పుట్టి 100 కిలోలు అనుకుంటే, నేను సెకనుకు 2 మీటర్లతో దూకితే అది 1 మీటరుతో వెనక్కి. నీళ్లు దాన్ని వెంటనే ఆపేస్తాయనుకోండి, అది వేరే సంగతి.

అసలు న్యూటన్ కూడా దీన్ని నాలుగో నియమంగా పెట్టలేదట. 1687 నాటి ప్రిన్సిపియాలో మూడు నియమాలు చెప్పి, వాటి నుంచి రాబట్టిన ఫలితాల్లో మూడోదిగా రాశాడు. నేనేమో దాన్ని విడిగా ఇంకో చాప్టర్‌లా మోశా.

మర్నాడు మామ తాడు గుంజకు కట్టాక మళ్లీ దూకా. పుట్టి కదల్లేదు, నేను ఒడ్డున పడ్డా. మరి దానికి రావాల్సిన ద్రవ్యవేగం ఏమైంది? తాడు లాగింది. తాడును గుంజ, గుంజను నేల పట్టుకున్నాయి. నాకూ పుట్టికీ అది బయటి బలం. నియమంలో "బాహ్యబలం లేనప్పుడు" అన్న ముక్కను మార్కులకు పనికిరాదని నేను ఎప్పుడూ వదిలేసేవాణ్ని.

పరీక్షలో ఆ నిరూపణే పడింది. ఉదాహరణకు పుట్టి రాద్దామని పెన్ను పెట్టి, దిద్దేవాళ్లకు పుట్టంటే తెలుస్తుందో లేదోనని తుపాకీ, తూటా రాసేశా. 39 వచ్చాయి.