మస్టాంగ్‌లో హీటర్ కోర్ మార్చిన శనివారం

ఈ రోజంతా మా పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు డ్యాష్‌బోర్డు కిందే గడిచింది. చేతులకి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వాసన ఇంకా పోలేదు. అన్నీ గుర్తుండగానే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

మాది 1967 మోడల్, 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్. ఛాసిస్ నంబరు మొదట్లో 7, పక్కనే ఎఫ్ అనే అక్షరం ఉంటాయి. 7 అంటే 1967, ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ. మిషిగన్‌లో మేముండే నోవై నుంచి ఆ ఊరు అరగంట ప్రయాణం. తయారైన చోటికి ఇంత దగ్గర్లో ఇన్నేళ్ళకీ తిరుగుతోందంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ వరసగా తిరిగే డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. చలి మొదలయ్యే రోజుల్లో డ్రైవరు పక్క సీటు ముందు కార్పెట్ తడిగా కనిపించింది.

ఆ కాలం మస్టాంగుల్లో ఈ తడికి రెండు కారణాలు ఉండొచ్చు. ముందు అద్దానికీ బానెట్‌కీ మధ్య గాలి కోసం జాలీ ఉంటుంది. దాన్ని కౌల్ అంటారు. వాన నీళ్ళు అందులోంచి కింద ఉన్న గూట్లోకి దిగి, పక్కల నుంచి బయటికి పోవాలి. కారు లోపలికి గాలి వచ్చే రంధ్రం కూడా ఆ గూట్లోనే ఉంటుంది, నీళ్ళు పడకుండా దాని చుట్టూ ఎత్తుగా రేకు అంచు కట్టి ఉంటుంది. ఆ అంచు తుప్పు పట్టి చిల్లులు పడితే వాన నీళ్ళు నేరుగా కాళ్ళ దగ్గరికే. రెండో కారణం, లోపలికి వేడి గాలినిచ్చే హీటర్ కోర్ నుంచి కూలెంట్ కారడం. చాలామంది ఈ రెండిట్లో ఏదో తేల్చుకోకుండానే పని మొదలుపెట్టి, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాక తల పట్టుకుంటారు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. వానలు లేని వారంలో కూడా మా కార్పెట్ ఆరలేదు. వేళ్ళతో రాస్తే జిడ్డుగా జారింది, తియ్యటి వాసన, లేత ఆకుపచ్చ రంగు. అద్దం లోపలి వైపు ఎంత తుడిచినా పోని మసక పొర. ఇక అనుమానం లేదు, హీటర్ కోరే.

హీటర్ కోర్ అంటే చిన్న రేడియేటర్. ఇంజన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్ ఒక గొట్టంలో వస్తుంది, ఇంకో గొట్టంలో వెళ్ళిపోతుంది. మధ్యలో ఉన్న సన్నటి రెక్కల మీదుగా ఫ్యాను గాలి తోస్తుంది. ఆ వేడి గాలే మన కాళ్ళకీ, ముందు అద్దానికీ. పొద్దున్న ఫోన్‌లో నాన్నకి ఇదే చెప్పాను. "కార్లో వేడి గాలి ఎందుకురా, ఏలూరు ఎండలు చాలవా?" అన్నారు. ఆయన నడిపిన బండ్లలో వేడి తగ్గించడమే పని కాబట్టి ఆయన అనుమానం సబబే. ఇక్కడి చలిలో అద్దం మీద మంచు కరగకపోతే బండి కదలదని చెప్తే, "అయితే చెయ్యి, జాగ్రత్త" అన్నారు.

కోర్ మార్చకుండా తప్పించుకునే దారి ఒకటుంది. ఇంజన్ వైపు ఆ రెండు హోసులనూ (రబ్బరు గొట్టాలు) ఒకదానికొకటి కలిపేస్తే కూలెంట్ కోర్‌లోకి పోదు, కారడం ఆగిపోతుంది. పది నిమిషాల పని. "చలికాలంలో ఎలాగూ బయటికి తియ్యవు కదా, అలా చేసెయ్" అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నిజమే, రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలయ్యాక నేను బండి బయటికి తియ్యను. కానీ అక్టోబరులో, ఏప్రిల్‌లో తీస్తాను. అప్పుడు వాన పడి అద్దం లోపల ఆవిరి పట్టిందంటే ఎదురుగా ఏముందో కనపడదు. అద్దం మీది మంచు, ఆవిరి పోగొట్టే ఏర్పాటు ప్రతి కొత్త కారులో ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం 1968 జనవరి 1 నుంచి నిబంధన పెట్టింది. మా బండి అంతకు ముందుదే అయినా ఆ నిబంధన ఎందుకు వచ్చిందో నడిపే ప్రతివాళ్ళకీ తెలుసు. పాత బండ్లు పాడయ్యేది ఇలాగే అని నా నమ్మకం. ఇవాళ హీటర్ హోసులు కలిపేస్తాం, రేపు వైపర్ మోటారు వదిలేస్తాం, ఆ తర్వాత గడియారం. చివరికి బయటికి అందంగా కనపడే రేకు మిగులుతుంది. నాకు అలాంటి బండి అక్కర్లేదు.

పని విషయానికొస్తే, ముందు ఇంజన్ చల్లగా ఉండగానే బ్యాటరీ వైరు తీసి, రేడియేటర్ కింద కుళాయి తిప్పి కూలెంట్ అంతా పెద్ద పళ్ళెంలోకి వంపాను. ఆ పళ్ళేన్ని వెంటనే మూత ఉన్న డబ్బాలోకి ఖాళీ చేశాను. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే ప్రాణం పోతుంది. పక్కింటి కుక్క మా గ్యారేజీలోకి చనువుగా వచ్చేస్తుంది.

పాత హోసులను లాగి తీయకూడదు. కోర్ తాలూకు రాగి గొట్టాలు మెత్తన, వంగితే లోపలి టంకం విరుగుతుంది. పాత కోర్ ఎలాగూ పారేసేదే అయినా అలవాటు తప్పకూడదని హోసును బ్లేడుతో నిలువుగా చీల్చి తీశాను. హీటర్ పెట్టెను పట్టుకుని ఉండే నట్లు ఇంజన్ వైపు ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) మీద ఉంటాయి. లోపలి వైపు గ్లవ్ బాక్స్ విప్పాలి. అది అట్ట పెట్టె, ఇన్నేళ్ళకి అప్పడంలా అయిపోయింది, చిరగకుండా తీయడానికి ఓపిక కావాలి. తర్వాత ముందు అద్దానికి వేడి గాలి పంపే డీఫ్రాస్టర్ గొట్టాలు, కంట్రోల్ కేబుళ్ళు, ఫ్యాను వైర్లు. ఏ కేబుల్ ఎక్కడిదో మా అమ్మాయి రంగు టేపులు అంటించి, ఫోన్‌లో ఫొటోలు తీసింది. పెట్టె బయటికి వచ్చే చోట ఇద్దరు మనుషులు కావాలి. నేను కింద పడుకుని వంచుతుంటే, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పక్కింటి పెద్దాయన ఇంజన్ వైపు నుంచి మెల్లగా తోశారు. పెట్టెలో మిగిలిన కూలెంట్ ఒలుకుతుందని ముందే పాత తువ్వాళ్ళు పరిచి ఉంచాం.

క్లిప్పులు తీసి పెట్టెను రెండు సగాలు చేస్తే, కోర్ ఒక మూల ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. చుట్టూ ఉండాల్సిన స్పాంజి పొడిపొడిగా రాలింది. ఈ స్పాంజిని తక్కువగా చూడకూడదు. అది లేకపోతే గాలి కోర్ రెక్కల్లోంచి పోకుండా పక్కల నుంచి తప్పించుకుంటుంది, కొత్త కోర్ వేసినా గాలి గోరువెచ్చగానే వస్తుంది. అల్యూమినియం కోర్‌లు చవకగా దొరుకుతున్నా నేను రాగి, ఇత్తడితో చేసినదే తెప్పించాను. పాతది కూడా అదే, పైగా ఎప్పుడైనా చిల్లు పడితే టంకం పెట్టుకోవచ్చు.

కొత్తది పెట్టెలో పెట్టే ముందు పరీక్ష చేశాం. ఒక గొట్టం మూసి, రెండో దానికి సైకిల్ పంపు తగిలించి, సుమారు 13 పీఎస్ఐ దాకా గాలి కొట్టి నీళ్ళ బకెట్లో ముంచాం. మన ఊళ్ళో పంచర్ షాపువాడు ట్యూబును తొట్టిలో తిప్పుతూ బుడగల కోసం చూసినట్టే. అమ్మాయి అన్ని మూలలూ తిప్పి చూసింది, ఒక్క బుడగా రాలేదు. ఈ పరీక్ష మానేసి తీరా బిగించాక కారితే మళ్ళీ మొదటి నుంచీ విప్పాలి. ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

పెట్టె బయట ఉండగానే టార్చి వేసి పైకి చూశాను. కౌల్ రంధ్రం అంచు చాలావరకు గట్టిగా ఉంది, ఎడమ పక్కన మాత్రం తుప్పు మొదలైంది. తీగ బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే ప్రైమర్ పూశాను. చిల్లు ఇంకా పడలేదు.

బిగింపు తొందరగానే అయింది. కొత్త హోసులు, కొత్త క్లాంపులు వేశాం. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాను. ఆ పాళ్ళలో కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు, మిషిగన్ చలికి అది చాలు. బండి ముందు భాగం కాస్త ఎత్తి, రేడియేటర్ మూత తీసి ఉంచి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకునేదాకా ఇంజన్ నడిపితే లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి వచ్చేసింది. రెండు హోసులూ ముట్టుకుంటే రెండూ వేడిగా ఉన్నాయి, అంటే కూలెంట్ కోర్‌లోంచి తిరుగుతోందన్నమాట. అమ్మాయి డీఫ్రాస్టర్ మీద చెయ్యి పెట్టి "నాన్నా, వస్తోంది!" అని అరిచింది. నేనూ అరిచాననుకుంటా.

కార్తీక మాసం కదా, సాయంత్రం గుడికి వెళ్ళాలని మా ఆవిడ ముందే చెప్పింది. స్నానం చేసి అందరం వేరే కారులో వెళ్ళి, దీపాలు వెలిగించి వచ్చాం. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి చూస్తే కూలెంట్ కొంచెం దిగింది, మళ్ళీ పోశాను. కింద పరిచిన అట్టముక్క పొడిగానే ఉంది. కార్పెట్ అడుగు పట్టా ఇంకా ఆరాలి, జిడ్డు పోయేదాకా సబ్బు నీళ్ళతో కడగాలి. కౌల్ ఎడమ అంచు సంగతి మంచు కరిగాక, ఏప్రిల్‌లో మొదటి పనిగా చూడాలి.