చిచి అంటే నాన్న, హహ అంటే అమ్మ

మన బ్యాచ్ జపనీస్ నేర్చుకున్నది పాత జేఎల్‌పీటీ (జపనీస్ భాషా పరీక్ష) రోజుల్లో, అంటే 2010లో ఎన్5 నుంచి ఎన్1 దాకా లెవెల్స్ రాకముందు. అప్పుడు అన్నిటికంటే కింది లెవెల్‌కి 800 మాటలు, ఓ వంద కంజీలు (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు) వస్తే చాలని లెక్క ఉండేది, సెన్సే, అంటే మన టీచరు, ఆ లిస్టు పట్టుకుని మనల్ని వాయించేశారు. ఇప్పుడు అఫీషియల్‌గా లిస్టే ఇవ్వట్లేదు, పాపం జూనియర్స్.

టెక్స్ట్‌బుక్ మొత్తం జపనీస్‌లోనే, మీనింగ్స్‌కి ఇంగ్లీష్ పుస్తకం వేరే, అది మన దగ్గర జిరాక్సే. మాటలు బట్టీ పట్టే కార్డులు కొనే డబ్బుల్లేక ఇంట్లో పాత శుభలేఖలు కత్తిరించి, ఖాళీ ఉన్నచోట హిరగానా (జపనీస్ మామూలు అక్షరాలు) ఒక పక్క, ఇంగ్లీష్ ఇంకో పక్క రాసి, మూలకి చిల్లు పెట్టి దారం కట్టేవాళ్ళం, నా దాంట్లో చాలా ముక్కల మీద సగం వినాయకుడు ఉండేవాడు. జపాన్‌లో పిల్లలకి ఇలాంటివే రింగు వేసి షాపుల్లో అమ్ముతారని తర్వాత చూశాను.

ఫ్యామిలీ చాప్టర్ రోజు గుర్తుందా? చిచి అంటే నాన్న అనగానే క్లాసంతా పడీ పడీ నవ్వాం, హహ అంటే అమ్మ అనేసరికి సెన్సే కూడా ఆగలేకపోయారు. అమె అంటే వాన, కని అంటే పీత, కబురు అంటే టోపీ పెట్టుకోవడం. ఇవి ఈ జన్మకి మర్చిపోం.

అసలు గోలంతా ఇంగ్లీష్ కాలమ్‌తోనే. కొమె ఎదురుగా రైస్, గొహాన్ ఎదురుగా రైస్, ఇనె ఎదురుగా కూడా రైసే. ఇదేంట్రా బాబూ అని బట్టీ కొడుతుంటే వెనక బెంచీ నుంచి ఎవరో బియ్యం, అన్నం, వరి అన్నారు, అంతే, అయిపోయింది. సముయి, త్సుమెతాయి రెండిటికీ కోల్డ్ అని ఉంటుంది, మనకేమో చలి వేరు, నీళ్ళు చల్లగా ఉండటం వేరు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అందరికీ వాళ్ళకీ విడివిడిగా మాటలున్నాయి, మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు హితోరి, ఫుతారి అన్నా మన ఒకరు, ఇద్దరు లాగే. ఆ తర్వాత నేను కార్డుల మీద ఇంగ్లీష్ కొట్టేసి తెలుగు రాసుకున్నా. అన్నీ కుదరవు లెండి, ప్యాంటూ బూట్లూ సాక్సులూ నడుం కిందవన్నీ హకు, చొక్కాకి కిరు, కళ్ళజోడుకి కకెరు, మన వేసుకోవడం, కట్టుకోవడం, పెట్టుకోవడం వాటితో సరిగ్గా కలవవు, అక్కడ బట్టీయే గతి.

కతకానా, అంటే బయటి భాషల మాటలు రాసే అక్షరాలు, వాటితో రాసే మాటలు ఇంగ్లీషే కదా, ఈజీ అనుకుంటాం గానీ అవే ముంచుతాయి. మాన్షోన్ అంటే మేడ కాదు, మామూలు అపార్ట్‌మెంటు. కోన్‌సెంతో అంటే ప్లగ్ పెట్టే సాకెట్. కన్నింగు అంటే పరీక్షలో కాపీ కొట్టడం, మన బ్యాచ్‌కి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అరుబైతో అయితే ఇంగ్లీషే కాదు, జర్మన్ నుంచి వచ్చింది, పార్ట్‌టైమ్ పని అని. ఇక్కడికి, జపాన్‌కి, చదువుకోడానికి వచ్చే మనవాళ్ళు ముందు నేర్చుకునేది ఆ మాటే, వీసాతో పాటు రాదు గానీ విడిగా అప్లై చేసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేసే పర్మిషన్ వస్తుంది, కొన్‌బినిలో (రాత్రంతా తెరిచి ఉండే చిన్న షాపు) రాత్రి షిఫ్టుకి నిలబడితే సెన్సే నేర్పిన 800లో లేని మాటలు ఒక్క వారంలో వచ్చేస్తాయి.